పొగ కోసం కాల్చిన రాయి

మా ఫ్యాక్టరీ పెద్దసారు మా ఇంటికి రావడం అదే మొదటిసారి. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి. నాన్న వసారాలో నేలమీద కూర్చుని, టేబులు ఫ్యాను విప్పి రెక్కలు తుడుస్తున్నాడు. సారును చూసి కంగారుగా లేవబోతే ఆయనే భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

"పాత కిల్న్ మళ్ళీ వెలిగిస్తున్నాం మేస్త్రీ. మీరు లేకపోతే అది మా మాట వినదు."

నాన్న చేతిలోని గుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. లోపల్నుంచి అమ్మ మాత్రం నాకు వినబడేలా, "ఆరేళ్ళకు గుర్తొచ్చామన్నమాట" అంది.

మాది సిమెంటు ఫ్యాక్టరీ గోడ పక్కన, ఫ్యాక్టరీ వాళ్ళే కట్టించిన వరస ఇళ్ళలో చివరిది. సిమెంటు అంటే అందరికీ బస్తానే గుర్తొస్తుంది. దాని పుట్టుక చూసినవాళ్ళు తక్కువ. సున్నపురాయిని మట్టితో కలిపి పొడి చేసి పెద్ద ఇనుపగొట్టంలో పోస్తారు. గొట్టాన్ని నెమ్మదిగా తిప్పుతూ అవతలి కొస నుంచి బొగ్గు మంట ఊదుతారు. ఆ గొట్టమే కిల్న్. అందులోంచి గోలీల్లాంటి నల్లటి గులకలు పడతాయి. వాటిని క్లింకర్ అంటారు. మిల్లులో వేసి పొడి కొడితే అదే సిమెంటు.

నాన్న ముప్పై నాలుగేళ్ళు ఆ మంట ముందు నిలబడ్డాడు. నీలం అద్దం ముక్క కంటికి అడ్డం పెట్టుకుని, మంట రంగు చూసి బొగ్గు పెంచమనో తగ్గించమనో చెప్పేవాడు. ఆరేళ్ళ కిందట కొత్త కిల్న్ వచ్చింది. దాన్ని చల్లటి గదిలో కూర్చుని తెరమీద చూస్తూ నడుపుతారు. పాతదాన్ని ఆపేశారు, నాన్నను ఇంటికి పంపేశారు. అప్పటికే నేను అదే ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా చేరి ఉన్నాను. రోజూ పొద్దున నేను డ్యూటీకి వెళ్తుంటే నాన్న గేటు దాకా వచ్చి, లోపలికి ఒకసారి చూసి వెనక్కు వెళ్ళేవాడు.

పెద్దసారు వెళ్ళిపోయాక నాన్న నావైపు తిరిగాడు. "సిమెంటుకు గిరాకీ బాగా పెరిగిందామ్మా?"

"పెరిగే ఉంటుంది నాన్నా" అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నాకు నిజంగానే తెలియదు. కానీ తెలుసుకోవలసినదాన్ని. ఎందుకంటే పాత కిల్న్ వెలిగించడానికి దారితీసిన సంగతి వాళ్ళకు మొదట చెప్పింది నేనే.

అంతకు నెలరోజుల ముందు నన్ను శిక్షణకు పంపారు. దేశం మొత్తానికీ కలిపి కర్బన ఉద్గారాల వ్యాపార వ్యవస్థ ఒకటి తయారవుతోంది. ఏ ఫ్యాక్టరీ ఎంత పొగ వదలొచ్చో ప్రభుత్వం హద్దు పెడుతుంది. పొగ అంటున్నాను గానీ, లెక్కపెట్టేది కంటికి కనబడని వాయువును. హద్దు మేరకు టన్నుకొకటి చొప్పున అనుమతులు ఉచితంగా ఇస్తుంది. తక్కువ వదిలినవాడు మిగిలినవి అమ్ముకుంటాడు, ఎక్కువ వదిలినవాడు కొనుక్కుంటాడు. ఏటేటా హద్దు కాస్త కాస్త కిందికి దించుతారు. శిక్షణలో ఇదంతా వింటుంటే నాకు ముచ్చటేసింది. మా పొగగొట్టాన్ని చూస్తూ పెరిగినదాన్ని. దానికి పగ్గం వేసే ఉపాయం ఇన్నాళ్ళకు ఎవరికో తట్టిందనుకున్నాను.

తిరిగొచ్చి మీటింగు గదిలో పెద్దవాళ్ళందరికీ బోర్డు మీద రాసి వివరించాను. ఫ్యాక్టరీ వాళ్ళు కొత్తగా పెట్టుకున్న సలహాదారు కూడా ఉన్నాడు. ఎంత ఎండలోనైనా చొక్కా మడత నలగని మనిషి. ల్యాబులో మేం ఆయనకు ఇస్త్రీ అని పేరు పెట్టాం.

"మొదటి హద్దు దేన్నిబట్టి పెడతారు?" అని అడిగాడు ఇస్త్రీ.

"ఈ ఏడాది లెక్కనుబట్టి సార్, అది మే నెలాఖరుకు ముగుస్తుంది. ఈ ఏడాది ఎంత వదిలితే దాన్ని ఆధారం చేసుకుని వచ్చే ఐదేళ్ళకూ ఇస్తారు."

"అంటే ఈ ఒక్క ఏడాదీ ఎంత ఎక్కువ వదిలితే అంత పుణ్యం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పాత కిల్న్‌ను వేడెక్కించడానికే మూడు రోజులు పట్టింది. ఒక్కసారిగా మంట పెడితే లోపలి ఇటుకలు పగులుతాయి. నాన్న పాత బూట్లకు కొత్త లేసులు వేసుకుని వెళ్ళాడు. కింద పనిచేయడానికి ఇచ్చిన నలుగురూ కొత్తవాళ్ళే, మంటంటే బెదిరేవాళ్ళు. నాన్న వాళ్ళను ఒక్కొక్కరినే మంట ముందుకు తీసుకెళ్ళి, నీలం అద్దంలోంచి చూపించి, "ఇది ఆకలి మంట, ఇది కడుపు నిండిన మంట, తేడా పట్టండి" అని చెప్పేవాడు. నేను బొగ్గు నమూనా కోసం వెళ్ళినప్పుడు కూడా నన్ను కూతురిగా పలకరించలేదు. "ల్యాబు మేడమ్ వచ్చారు, దారివ్వండి" అన్నాడు. ఆ నలుగురూ నిజంగానే దారిచ్చారు.

మొదటి క్లింకర్ పడ్డ రోజు డబ్బాలో తనే పట్టుకుని ల్యాబుకు వచ్చాడు. లీటరు క్లింకర్ ఎంత బరువు తూగితే అంత బాగా కాలిందని గుర్తు.

"పన్నెండు వందల యాభై ఉంటుంది చూడు" అన్నాడు.

తూచాను. పన్నెండు వందల నలభై ఎనిమిది గ్రాములు.

"రెండు గ్రాములు ఎక్కడో కారిపోయినట్టున్నాయి" అని నవ్వాడు. ఆరేళ్ళలో నాన్న అలా నవ్వగా నేను చూడలేదు.

పాత కిల్న్‌కు పొగలోంచి దుమ్ము వడగట్టే సంచులు ఎప్పుడో చిరిగిపోయాయి. మార్చమని నాన్న రెండుసార్లు రాసిచ్చాడు. చూద్దాం అన్నారు. వారం తిరిగేసరికి మా వరస ఇళ్ళన్నిటి మీదా బూడిద పొర కూర్చుంది. కిటికీ చువ్వలు, మంచాల కోళ్ళు, మూత పెట్టిన గిన్నెలో పాలు, దేన్నీ వదల్లేదు. పొద్దున లేచి మొహం కడుక్కుంటే తొట్టిలోకి నల్లటి నీళ్ళు. దువ్వెన పెడితే తలలోంచి పొడి రాలేది. ఏం తిన్నా పళ్ళ మధ్య కరకరలాడేది.

"ఉతికిన బట్టలకు మళ్ళీ రంగు వేసి పంపుతున్నారు మీ వాళ్ళు" అంది అమ్మ ఆరేసిన దుప్పటి దులుపుతూ. "కూలి అడగడం లేదు, అదే మేలు."

"కాస్త ఓర్చుకోవే. పని జరుగుతుంటే దుమ్ము రాదా?" అన్నాడు నాన్న.

అమ్మ ఓర్చుకుంది. నాన్న భోజనం దగ్గర మాట్లాడుతున్నాడు, కూనిరాగాలు తీస్తున్నాడు. ఆ మాత్రానికి ఎంత దుమ్మయినా తినొచ్చని అమ్మ లెక్క.

ఎండాకాలం సగం గడిచాక, ప్రభుత్వానికి పంపే ఫారాలు నింపుతూ ఒకచోట ఆగాను. పాత కిల్న్‌లో ఎంత బొగ్గు కాలిందో ఉంది, ఎంత క్లింకర్ పడిందో ఉంది. అందులో ఎంత మిల్లుకు వెళ్ళిందో రాసే గడి ఖాళీగా ఉంది. మిల్లుకు ఫోన్ చేస్తే, మాకు పాతదాని సరుకు ఒక్క బండి కూడా రాలేదే అన్నారు. డంపర్ నడిపే అతను గేటు దగ్గర టీ తాగుతుంటే వెళ్ళి అడిగాను. టోపీ ఎప్పుడూ పక్కకు పెట్టుకుంటాడు, అందుకని అందరూ వంకరటోపీ అంటారు.

"మిల్లుకు కాదు మేడమ్, పాత గని గోతికి తోలుతున్నా."

"ఎందుకు?"

"నాకేం తెలుసు? పొయ్యమన్నచోట పోస్తా." గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు. "మేస్త్రికి మాత్రం చెప్పొద్దన్నారు. తెలిస్తే మనసుపెట్టి కాల్చడట."

సాయంత్రం డ్యూటీ దిగి గోతి దగ్గరకు వెళ్ళాను. రాయి తవ్వుకుపోయి పదిహేనేళ్ళుగా వదిలేసిన గొయ్యి అది. అడుగున పచ్చగా పాచి పట్టిన నీళ్ళు, చచ్చిన కుక్క ఒకటి, చిరిగిన టైర్లు. వాటిమీదికి ఒక పక్కనుంచి క్లింకర్ జారి ఉంది, ఇంటెత్తు కుప్ప. నల్లగా, గుండ్రంగా, ఒకే తీరున కాలిన గులకలు. వంగి చేత్తో తాకాను. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

మర్నాడు ఇస్త్రీ గదికి వెళ్ళాను. ఆయన కమలాపండు ఒలుచుకుంటున్నాడు. ఒక్కో తొనమీది తెల్లటి పీచు గోటితో పీకి కాగితం మీద వరసగా పెడుతున్నాడు.

"మీరు నింపిన ఫారంలో తప్పు అంకె ఏదైనా ఉందా?" అన్నాడు నేను చెప్పిందంతా విని.

"లేదు సార్."

"బొగ్గు కాలలేదా?"

"కాలింది."

"వాయువు రాలేదా?"

"వచ్చింది."

"మరి దేనికమ్మా ఈ గోల? దొంగలెక్క రాయమన్నానా నేను? అణా పైసలతో సహా నిజం రాయమన్నా." తొన నోట్లో వేసుకున్నాడు. రసం పెదవి కొసన నిలిచింది. "క్లింకర్ అమ్మితే ధర పడిపోతుంది. అంచేత పారబోస్తున్నాం. ఇంకో నాలుగు ఫ్యాక్టరీలు ఇదే పని చేస్తున్నాయి. ఆ నిబంధనలు రాసినవాళ్ళలో ఇద్దరు నాతో కలిసి చదువుకున్నవాళ్ళే, వాళ్ళకు తెలియదనుకున్నావా?" అని ఒక తొన నాకు ఇవ్వబోయాడు.

నేను తీసుకోలేదు. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

నాన్నకు చెబుదామనే అనుకుని ఇంటికి వచ్చాను. నాన్న కుర్చీలో కూర్చుని, ఆ నలుగురిలో ఒకడికి చెయ్యి బాగా తిరిగిందని, వాడికి తన నీలం అద్దం ఇచ్చేస్తానని అమ్మతో చెబుతున్నాడు. వింటూ వంటింట్లోకి వెళ్ళిపోయాను. మర్నాడు చెబుదామనుకున్నాను. అలా నలభై రోజులు మర్నాడు అనుకున్నాను.

లెక్కలు తనిఖీ చేయడానికి బయటి సంస్థ నుంచి ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. మంచి మనిషి, పనిమంతురాలు. తూకం యంత్రాలకు ముద్రలు చూసింది, బొగ్గు నమూనాలు తనే తీసి మళ్ళీ పరీక్ష చేయించింది. కిల్న్ దగ్గర నాన్నను చాలాసేపు ప్రశ్నలు అడిగింది. నాన్న ఆవిడకు మంట చూపించాడు. తిరిగొస్తూ, "ఇంత శ్రద్ధగా పనిచేసేవాళ్ళను ఈ మధ్య చూడలేదండీ" అంది.

ల్యాబులో ఇద్దరమే ఉన్నప్పుడు గోతి సంగతి చెప్పాను. కావాలంటే ఇప్పుడే తీసుకెళ్ళి చూపిస్తానన్నాను.

ఆవిడ పెన్ను మూత పెట్టింది. తీసింది. "నా పని వాయువు వచ్చిందా లేదా, మీరు రాసినంతే వచ్చిందా అని చూడటం. ఎందుకొచ్చిందని అడిగే గడి నా కాగితాల్లో లేదండీ."

"పక్కన రాయొచ్చు కదా?"

"రాస్తే పై తనిఖీకి ఇంకొకర్ని పంపుతారు. వాళ్ళ కాగితాల్లోనూ ఆ గడి ఉండదు." ఫైలు నావైపు తిప్పి, "మీ అంకెలు చాలా శుభ్రంగా ఉన్నాయి. ఇంత శుభ్రంగా ఎక్కడా చూడలేదు" అంది. నన్ను ఓదార్చాలనే అందనుకుంటాను.

ఆవిడ చూపించినచోటల్లా సంతకం పెట్టాను. పదకొండు సంతకాలు.

తొలకరి వానలకు రెండు రోజుల ముందు నాన్న పొద్దుగూకకుండానే ఇంటికి వచ్చాడు. బూట్లకు పాచి అంటుకుని ఉంది. ఆ పాచి నాకు తెలుసు. మిల్లువాళ్ళలో ఎవడో "మేస్త్రీ, నీ సరుకంతా కప్పలు తింటున్నాయి" అని వేళాకోళం చేశాడట. ఏంటా అని వంకరటోపీ బండెక్కి వెళ్ళాడట. ఇది తర్వాత వంకరటోపీ చెబితే తెలిసింది. నాన్న అప్పుడు అదేమీ చెప్పలేదు. పెరట్లో పంపు కింద బూట్లు కడుక్కున్నాడు. చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నాడు. తువ్వాలు ఇవ్వబోతే అందుకోలేదు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"నలభై రోజుల్నుంచి నాన్నా."

"ఊఁ" అన్నాడు. చేతులు చొక్కాకే తుడుచుకుని లోపలికి వెళ్ళాడు.

"ఏమైందే?" అని అమ్మ నన్ను అడిగింది. చెప్పాను. అమ్మ ఎవర్నీ తిట్టలేదు. కిటికీ తలుపులు మూసి, చువ్వలమీది బూడిద తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. అన్ని కిటికీలూ తుడిచి మళ్ళీ మొదటిదాని దగ్గరకు వచ్చింది.

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్ళాడు. నేను ఆశ్చర్యపోయాను. ఆ వారం చివర్లో, లెక్క పూర్తయింది కాబట్టి పాత కిల్న్ ఆపెయ్యమని ఆర్డరు వచ్చింది. ఆపడం అంటే బొగ్గు కట్టెయ్యడం, మోటారు ఆపెయ్యడం, అంతే. నాన్న పెద్దసారు గదికి వెళ్ళాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో బయట కూర్చునే గుమాస్తా నాకు చెప్పాడు.

"వేడి మీద తిప్పకుండా వదిలేస్తే గొట్టం నడుం వంగిపోతుంది సార్. చల్లారేదాకా కొంచెం కొంచెం తిప్పాలి. రెండు రోజులు పడుతుంది."

"వంగితే వంగనియ్యండి మేస్త్రీ. దాంతో మళ్ళీ పనేముంది?"

నాన్న తిరిగి వెళ్ళి ఆ నలుగుర్నీ ఇంటికి పంపేశాడు. చిన్న డీజిల్ ఇంజను తనే పెట్టుకుని, పావుగంటకోసారి గొట్టాన్ని పావు చుట్టు తిప్పుతూ కూర్చున్నాడు. ఎవరూ అడ్డుపెట్టలేదు. ఎవరికీ పట్టలేదు. మధ్యాహ్నం నేను భోజనం తీసుకెళ్ళాను. డబ్బా పక్కన పెట్టమని చెయ్యి చూపించాడు. గొట్టం లోపల ఎరుపు తగ్గి నలుపు తిరుగుతోంది. నాన్న చెవి ఒగ్గి చప్పుడు వింటున్నాడు, జబ్బుమనిషి గుండె వింటున్నట్టు. నేను అక్కడే ఇనుప మెట్ల మీద కూర్చున్నాను. రెండు పావుగంటలు గడిచాయి. మూడోసారి ఇంజను పెట్టాక, నావైపు చూడకుండానే అన్నాడు.

"నేను ముప్పై నాలుగేళ్ళు దీని పొగ పీల్చాను. సిమెంటు కోసం అనుకున్నా కాబట్టి పీల్చాను."

"తప్పయింది నాన్నా."

"నువ్వు చేసింది కాదు. చెప్పలేదు, అంతే" అన్నాడు. అది క్షమించినట్టా, కాదా, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు నాన్న నాతో అవసరమైన మాటలే మాట్లాడాడు. తలుపు వెయ్యి. లైటు ఆర్పు. అమ్మ పిలుస్తోంది.

వానలు వెనకబట్టాక జాబితా వచ్చింది. మా ఫ్యాక్టరీకి కావలసినదానికంటే మూడో వంతు ఎక్కువ అనుమతులు దక్కాయి. ఆపేసిన కిల్న్ ఇక వదలనే వదలని పొగకు ఐదేళ్ళ హక్కు. పెద్దసారు ల్యాబుకు పెద్ద కేకు పంపాడు. అందరితోపాటు నేనూ ఒక ముక్క తిన్నాను. తియ్యగానే ఉంది.

తప్పుల్లేని లెక్కలు పంపిన ఫ్యాక్టరీ అని పేరొచ్చి, ఈసారి నన్ను శిక్షణ ఇవ్వడానికి పిలిచారు. అదే హాలు, అదే బోర్డు. వ్యవస్థ పని మొదలుపెట్టింది, దేశం గర్వించాలి అని మొదట ఒకాయన మాట్లాడాడు. తర్వాత నేను గంటసేపు ఫారాలు ఎలా నింపాలో చెప్పాను. టీ దగ్గర వేరే సిమెంటు ఫ్యాక్టరీ మనిషి ఒకాయన పక్కకొచ్చి నిలబడ్డాడు. నడివయసు, మర్యాదస్తుడు, చేతిలో చిన్న పుస్తకం.

"రెండో విడతకు హద్దు మళ్ళీ కొత్త లెక్కతో పెడతారంటున్నారు కదా మేడమ్. మా దగ్గరా ఒక పాత కిల్న్ ఉంది. నడపడం వచ్చినవాళ్ళే లేరు. మీ దగ్గర ఎవరో పెద్దాయన బ్రహ్మాండంగా నడిపారట. ఆయన నంబరు ఇస్తారా?"

"ఆయన లేరండీ" అన్నాను.

"అయ్యో. ఎప్పుడు పోయారు?"

"ఈ ఎండాకాలం."

ఆయన కప్పు కింద పెట్టి ఒక్క క్షణం తల దించుకుని నిలబడ్డాడు. తర్వాత తన కిల్న్ సంగతులు చెప్పుకుంటూ పోయాడు. చివర, అలాంటివాళ్ళు ఇంకెవరైనా తెలుసా అని అడిగాడు.

ఇంటికొచ్చాక వంటింట్లో ఇద్దరికీ ఈ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండటం నాకు ఇక చేతకాదు.

"బతికున్న మనిషిని పట్టుకుని అవేం మాటలే" అంది అమ్మ. నాన్న చెయ్యెత్తి ఆమెను ఆపాడు. పీట మీద కూర్చుని గోడవైపు తిరిగాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"వాళ్ళ కిల్న్ ఎంత పొడుగుదట?"

అమ్మ గరిటె కింద పెట్టేసింది.

"అడగలేదు నాన్నా" అన్నాను.

నేను అడగకుండానే టీ దగ్గర ఆయన చెప్పాడు. మా దానికంటే పెద్దది.